గోరువెచ్చని సముద్రంలో చలి: స్కూబా తొడుగుల కొలతలు

డిసెంబరు సెలవులు రాగానే శాంటా క్లారా, సన్నీవేల్ పరిసరాలలోని తెలుగు కుటుంబాలు కొన్ని హవాయి దీవులకు ప్రయాణమవుతాయి. ఒకప్పుడు అగ్నిపర్వతం చూచి, సముద్రపుటొడ్డున ఫోటోలు దిగి తిరిగివచ్చేవారు. ఇప్పుడు పిల్లల ప్రోద్బలంతో పెద్దలు కూడా వీపున గాలి సిలిండరు కట్టుకొని నీటి అడుగుకు దిగుతున్నారు. సంతోషించదగిన పరిణామమే. అయితే పడవ ఎక్కే ముందు, అద్దె సామాను ఇచ్చే బల్ల దగ్గర తరచుగా రెండు మాటలు వినబడుతుంటాయి. "నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి గదండీ, ఈ రబ్బరు చొక్కా దండగ" అని ఒకరు. "అబ్బాయికి ఒక సైజు పెద్దది ఇమ్మనండి, ఊపిరాడాలి గదా, వచ్చే ఏడాదికీ అలవాటవుతుంది" అని మరొకరు. రెండూ మంచి ఉద్దేశంతో అన్న మాటలే. రెండూ పొరపాటే. రెండవది మొదటిదానికంటె పెద్ద పొరపాటు.

నీరు వెచ్చగా ఉన్నదని తీర్పు చెప్పేది ఒడ్డున నిలబడి పాదాలు తడుపుకొన్న మనిషి. దేహం లెక్క వేరు. మానవ చర్మం సాధారణంగా 33 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉంటుంది. నీటిలో కదలకుండా ఉన్న మనిషి తన వేడిని పోగొట్టుకొనకుండా ఉండాలంటే ఆ నీరు కూడా ఇంచుమించు 33 నుండి 35 డిగ్రీల వరకు ఉండాలి. హవాయి సముద్రజలం వేసవి చివర 27, శీతకాలంలో 24 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. 27 డిగ్రీల గాలిలో పంచె కట్టుకొని అరుగు మీద కూర్చున్నవానికి హాయిగా ఉంటుంది. అంతే వేడిమిగల నీటిలో గంటసేపు కదలక మెదలక ఉంటే అతనికే వణుకు మొదలవుతుంది. నీటి ఉష్ణవాహకత్వం గాలి కంటె సుమారు 24 రెట్లు ఎక్కువ. సమానమైన ఘనపరిమాణాలను పోల్చి చూస్తే, నీరు ఇముడ్చుకొనగల వేడి గాలి కంటె 3 వేల రెట్లకు పైమాటే. శాంటా క్లారాలోని డేటా సెంటర్లలో పనిచేసే ఇంజనీర్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. గాలి విసిరి చల్లార్చలేని చిప్పులను నీరు పారించి చల్లార్చడం వారెరిగిన విద్యే. వారమంతా ఆ లెక్కలు కట్టిన మనిషి, సెలవునాడు తన దేహమే ఆ చిప్పు స్థానంలో ఉన్నదని మరచిపోవడం చిత్రం.

మరి ఈతగాళ్ల మాటేమిటన్న ప్రశ్న సహజం. శాంటా క్లారాకు ఈత విషయంలో గొప్ప పేరున్నది. 1951లో జార్జ్ హెయిన్స్ స్థాపించిన శాంటా క్లారా స్విమ్ క్లబ్‌లో మార్క్ స్పిట్జ్ వంటివారు శిక్షణ పొందారు. అంతర్జాతీయ పోటీలు జరిగే కొలనులో నీరు 25 నుండి 28 డిగ్రీల మధ్య ఉండాలని నియమం. ఆ నీటిలో చిన్న లాగుతో ఈదేవారికి చలి వేయదు. వేయకపోవడానికి కారణం నీరు కాదు, వారి కండరాలు. పోటీలో ఈదే మనిషి కొలిమి వంటివాడు. స్కూబా విద్య దీనికి తలక్రిందులు. ఎంత తక్కువ కదిలితే అంత తక్కువ గాలి ఖర్చవుతుంది గనుక, నేర్పరియైన డైవరు తేలుతూ చూస్తాడే గాని చేతులు ఆడించడు. అతని కొలిమి దాదాపు ఆరిపోయి ఉంటుంది. దానికి తోడు సిలిండరులోని గాలిలో తేమ అన్నది ఉండదు. పీల్చిన ప్రతి ఊపిరినీ వెచ్చచేసి, తడిపి, బయటికి వదలవలసిన పని దేహానిదే.

ఈ నష్టం ఒక్కసారిగా తెలిసిరాదు. మొదటి డైవు తరువాత ఏమీ ఉండదు. రెండవ రోజు మూడవ డైవు నాటికి కారణం తెలియని అలసట, మూత్రశంక, పరధ్యానం, పడవ ఎక్కిన తరువాత విడువని వణుకు వస్తాయి. దీనిని ప్రయాణపు బడలిక అని సరిపెట్టుకొంటారు. అంతటితో పోతే చింత లేదు. లోతున ఉన్నంతసేపూ రక్తంలోను, కణజాలంలోను నత్రజని కరుగుతూ ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు అది మెల్లగా బయటికి పోవాలి. పోక బుడగలు కట్టితే కీళ్లనొప్పుల నుండి పక్షవాతం వరకు దారితీయగల డీకంప్రెషన్ జబ్బు వస్తుంది. దేహం వెచ్చగా ఉన్నప్పుడు రక్తప్రసరణ బాగా సాగి నత్రజని ఎక్కువగా లోపలికి చేరుతుంది. చల్లబడినప్పుడు రక్తనాళాలు ముడుచుకొని, చేరిన నత్రజని బయటికి రావడం మందగిస్తుంది. డైవు మొదట వెచ్చగా ఉండి చివర చలి పుట్టడమంటే, చేరేటప్పుడు తలుపులు తెరిచి, పోయేటప్పుడు మూయడమే. ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఉన్న అమెరికా నౌకాదళ ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 2007లో వెలువరించిన నివేదిక ఈ విషయాన్ని మనుషులపై చేసిన పరీక్షలతో నిరూపించింది. అడుగున వెచ్చగాను, పైకి వచ్చేటప్పుడు చల్లగాను ఉన్నవారికి ఈ జబ్బు ఎక్కువగా వచ్చింది; అందుకు విపర్యయంగా ఉన్నవారికి బహు తక్కువ. అవి సెలవుల్లో సరదాగా చేసే డైవుల కంటె ఎంతో దీర్ఘమైనవి, కఠినమైనవి అన్నమాట నిజమే. కాని గమనించవలసిన అంకె వేరొకటి ఉన్నది. ఆ పరీక్షలలో "వెచ్చని" నీరు 36 డిగ్రీలు. "చల్లని" నీరుగా పరిగణించినది 27 డిగ్రీలు. బల్ల దగ్గర నిలబడి తొడుగు దండగ అనేవారు గోరువెచ్చన అని పిలిచే నీరు అదే.

తొడుగు పుట్టుపూర్వోత్తరాలు శాంటా క్లారాకు పొరుగునే ఉన్నాయి. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్, 1951 ప్రాంతంలో నౌకాదళపు ఈతగాళ్ల అవసరాలను గూర్చి ఆలోచిస్తూ ఒక ముఖ్యమైన విషయం గ్రహించాడు. అంతవరకు అందరూ మనిషిని నీటిలో పొడిగా ఉంచడమెలా అని తంటాలు పడుతుండేవారు. ఒళ్లు తడిసినా ఫరవాలేదని, వేడిని ఆపేది పొడిదనం కాక తొడుగులో చిక్కుకొన్న వాయువని బ్రాడ్నర్ చెప్పాడు. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టింది. దానిని నురుగుగా మార్చితే లోపల లెక్కలేనన్ని సూక్ష్మమైన బుడగలు ఏర్పడతాయి. స్పాంజిలోని రంధ్రాలు ఒకదానిలో ఒకటి కలిసి ఉంటాయి గనుక అది నీటిని పీలుస్తుంది. నియోప్రీన్ బుడగలు దేనికది మూసుకొని ఉంటాయి గనుక పీల్చదు. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం తెరచి, 1959లో శాంటా క్రూజ్‌కు తరలివెళ్లిన జాక్ ఓనీల్ ఈ తొడుగులకు ప్రచారం తెచ్చాడు. ఆద్యుడెవరన్న తగవు చాలాకాలం సాగింది గాని, లభ్యమైన లేఖలను బట్టి బ్రాడ్నర్ వైపే మొగ్గవలసి ఉంటుంది.

ఈ చరిత్ర ఇక్కడ ఎత్తుకొనడానికి కారణమున్నది. "లోపల చేరిన నీటిని ఒంటివేడి వెచ్చచేస్తుంది, ఆ నీరే కంబళివలె కాపాడుతుంది" అని శిక్షకులు సైతం చెబుతుంటారు. ఇది సగం నిజం. నీరు కంబళి కాదు, కాపాడేది బుడగలు. నీరు చేయవలసినదల్లా కదలకుండా నిలిచి ఉండడమే. నిలిచిన నీటిని ఒకసారి వెచ్చచేస్తే సరిపోతుంది. కదిలే నీటిని వెచ్చచేయడమంటే సముద్రాన్ని వెచ్చచేయబూనడమే. వదులు తొడుగులో మనిషి కాలు ఆడించినప్పుడల్లా మెడ దగ్గర చల్లని నీరు లోనికి దూరి, వెన్ను వెంట జారి, చీలమండ దగ్గర బయటికి పోతుంది. చిప్పు మీద నీరు పారించే ఏర్పాటుకు, దీనికి తేడా లేదు. కనుక వెచ్చని సముద్రాలకు తొడుగు ఎంచుకొనేటప్పుడు మందం రెండవ ప్రశ్న. కొలత మొదటి ప్రశ్న. ఒంటికి అతికిన 3 మిల్లీమీటర్ల తొడుగు, వదులుగా వ్రేలాడే 5 మిల్లీమీటర్ల తొడుగు కంటె మేలు.

తెలుగువారికి ఇక్కడే చిక్కు. పండుగ బట్టలు దర్జీకి ఇచ్చేటప్పుడు "కొంచెం వదులుగా కుట్టు నాయనా, ఎదిగే పిల్లవాడు" అని చెప్పని తల్లి లేదు. లోపల మడత వదిలించుకొని, ఏడాదికొక అంగుళం విప్పుకొంటూ మూడు పండుగలు గడిపిన తరం ఇప్పుడు అమెరికాలో తల్లిదండ్రులై ఉన్నది. ఆ పొదుపు ఎంతో విలువైనది. తొడుగు విషయంలో మాత్రం అది పిల్లవానిని చలికి అప్పగిస్తుంది. స్కూబా శిక్షణ సంస్థలు చాలావరకు 10 ఏళ్ల నుండే పిల్లలను చేర్చుకొంటున్నాయి. పిల్లల దేహంలో బరువుతో పోల్చితే చర్మపు వైశాల్యం ఎక్కువ, కొవ్వు తక్కువ; పెద్దల కంటె వారు త్వరగా చల్లబడతారు. చలి వేస్తున్నదని చెబితే మళ్లీ దిగనివ్వరేమోనన్న భయంతో చెప్పరు కూడాను. ఎదిగే పిల్లలకు ఏటేటా కొనడం భారమైతే, సరిపోయేది అద్దెకు తీసుకొనడం, లేదా ఎదిగిన మరొకరి పిల్లల తొడుగు అడిగి పుచ్చుకొనడం ఉత్తమం. పెద్దది కొనడం మాత్రం కాదు.

సరిపోయినదని తెలిసేదెలా? దుకాణంలో పొడిగా తొడుగుకొన్నప్పుడు కొంత ఇబ్బందిగా, బిగుతుగా అనిపించాలి. నీటిలో అది కొద్దిగా సడలుతుంది. జిప్పు వేసుకొన్న తరువాత నడుము వెనుక వంపు దగ్గర చేత్తో పట్టి లాగి చూడాలి. అక్కడ పిడికెడు ఖాళీ దొరికితే ఆ తొడుగు పనికిరాదు. ఎక్కువ తొడుగులలో నీరు నిలవచేసే చెరువు అదే. తరువాత చంకలు, తొడల సందు, మోకాళ్ల వెనుక. గొంతుక్కూర్చుని లేచి చూడాలి, చేతులు పైకెత్తి చూడాలి, రెండు భుజాలనూ ఎదురు చేతులతో కౌగిలించుకొన్నట్లు పట్టుకొని చూడాలి. గుండెల నిండా ఊపిరి పీల్చినప్పుడు అడ్డు రాకూడదు. మణికట్టు, చీలమండల దగ్గర అంచు చర్మానికి అంటుకొని ఉండాలి. పొడవు ఎక్కువై ముడతలు పడితే ఆ ముడతలే నీటికి కాలువలు.

మెడ విషయంలో మాత్రం బిగుతు మంచిదనుకొనరాదు. మెడకు ఇరువైపులా ఉన్న ధమనులలో రక్తపోటును కనిపెట్టే నాడీకేంద్రాలున్నాయి. వాటిపై అదేపనిగా ఒత్తిడి పడితే గుండెవేగం తగ్గి, రక్తపోటు పడిపోయి, తల తిరిగి, స్పృహ తప్పే అవకాశం ఉన్నది. నీటి అడుగున అది ప్రాణాంతకం. మెడ అంచు అంటుకొని ఉండాలి, నొక్కరాదు. ఈ రెండింటికీ మధ్య తేడా అంకెలలో దొరకదు. తొడుగుకొని పది నిమిషాలు దుకాణంలో అటూ ఇటూ తిరిగితే తెలుస్తుంది. కొనకుండా అంతసేపు తిరగడం మొహమాటమనిపిస్తే, ఆ మొహమాటాన్ని అక్కడే వదిలిపెట్టాలి.

కంపెనీలు అచ్చువేసే కొలతల పట్టికలో ఎత్తు, బరువు, ఛాతీ, నడుము ఉంటాయి. ఏళ్ల తరబడి కంప్యూటరు ముందు కూర్చొని నలభై దాటిన ఇంజనీరు దేహం సాధారణంగా ఆ పట్టికలోని ఏ ఒక్క వరుసకూ లొంగదు. ఛాతీ ఒక వరుసలో, పొట్ట మరొక వరుసలో ఉంటాయి. పొట్టకు సరిపోయేది తీసుకొంటే భుజాల దగ్గర సంచీ. భుజాలకు సరిపోయేది తీసుకొంటే జిప్పు ఎక్కదు. ఇందులో నామోషీ లేదు. కొలతలిచ్చి కుట్టించుకొనే సదుపాయం ఉన్నది, ధర కొంత ఎక్కువ. వేల డాలర్లు పెట్టి నీటి కెమెరా కొని, తొడుగు మాత్రం అద్దె బల్ల మీద దొరికినది తొడుక్కొనే వారి లెక్క తారుమారైనదని చెప్పక తప్పదు. వణికే చేతితో తీసిన ఫోటో ఎలాగూ స్పష్టంగా రాదు. పైగా అద్దె తొడుగులు వందలసార్లు లోతుకు వెళ్లి వచ్చి, బుడగలు నలిగి, పేరుకు 3 మిల్లీమీటర్లైనా వేడిని ఆపే శక్తిలో అంతకు తక్కువగానే ఉంటాయి.

మందం సంగతి త్వరగానే చెప్పవచ్చు. 29 డిగ్రీలు దాటిన నీటిలో పలుచని లైక్రా తొడుగు గాని, 1, 2 మిల్లీమీటర్ల నియోప్రీన్ గాని చాలు. 26 నుండి 28 వరకు చేతులు కాళ్లు కప్పే 3 మిల్లీమీటర్ల తొడుగు. 24, 25 డిగ్రీలైతే 5 మిల్లీమీటర్లు, వీలైతే తలకు టోపీ. రోజుకు మూడు, నాలుగు డైవులు చేసేవారు, సన్నని శరీరం కలవారు ఒక మెట్టు పైకి వెళ్లాలి. అయితే ఎక్కువైతే మంచిదే గదా అని 7 మిల్లీమీటర్లు తొడుక్కొని ఎండలో పడవ మీద అరగంట కూర్చుంటే వడదెబ్బ తగులుతుంది. ఆ తొడుగు మాంటరే నీటి కోసం పుట్టినది.

మాంటరే పేరు వచ్చింది గనుక ఇంకొక ముఖ్య విషయం. శాంటా క్లారా ప్రాంతంలో స్కూబా నేర్చేవారు చాలామంది మొదట కొలనులో అభ్యసించి, తరువాత మాంటరేలోని శాన్ కార్లోస్ బీచిలో పరీక్ష ఇస్తారు. అక్కడి నీరు ఏడాది పొడుగునా చల్లనిదే, చాలా రోజులు 10 నుండి 14 డిగ్రీల మధ్య ఉంటుంది. మందమైన తొడుగులోని వాయువు మనిషిని పైకి తేలుస్తుంది గనుక మునగడానికి నడుముకు సీసపు బరువులు ఎక్కువగా కట్టుకొనవలసి వస్తుంది. ఆ అంకె మనసులో ముద్ర పడిపోతుంది. అదే మనిషి హవాయిలో పలుచని తొడుగు వేసుకొని, అదే అంకె అడిగి, అంత సీసమూ కట్టుకొని దిగితే రాయివలె దిగిపోతాడు. గాలి జాకెట్టును ఉబ్బించి ఎలాగో సర్దుకొన్నా, డైవు పొడుగునా పైకీ కిందికీ ఊగిసలాడుతూ, పగడపు దిబ్బలను తన్నుతూ, గాలి ఖర్చుచేస్తాడు. బాయిల్ సూత్రం ప్రకారం 10 మీటర్ల లోతులో పీడనం రెట్టింపై వాయువు సగానికి కుదించుకొంటుంది. నియోప్రీన్ బుడగలకూ ఇది వర్తిస్తుంది. రబ్బరు కొంత ఎదురొడ్డి నిలిచినా, లోతుకు పోయేకొద్దీ తొడుగు తేల్చే శక్తీ, వేడిని ఆపే శక్తీ రెండూ తగ్గుతాయి. తొడుగు మారినప్పుడల్లా బరువులు మళ్లీ సరిచూచుకొనాలి. ఒడ్డు దగ్గర లోతు తక్కువ చోట ఐదు నిమిషాల పని అది.

లైక్రా తొడుగుకు చలిని ఆపే శక్తి దాదాపు లేదు, అయినా దానిని చిన్నచూపు చూడరాదు. ఎండనూ, జెల్లీచేపల దురదనూ, పగడపు గీతలనూ అది ఆపుతుంది. పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ కలిసిన ఎండలేపనాల అమ్మకాన్ని హవాయి రాష్ట్రం 2018లో చట్టం చేసి 2021 నుండి నిషేధించింది. ఒళ్లంతా కప్పుకొన్నవారికి లేపనంతో పని తగ్గుతుంది. వేరొక ప్రయోజనం గూర్చి ఎవరూ అంతగా మాట్లాడరు. ఈత దుస్తులలో నలుగురి ఎదుటకు రావడానికి సంకోచించి, ఒడ్డున సంచులకు కాపలా కూర్చొనే తెలుగు స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. మెడ నుండి చీలమండ వరకు కప్పే తొడుగు వేసుకొని దిగవచ్చునని తెలిస్తే ఆ సంచులకు కాపలా ఎవరో ఒక మగవాడు కాయవలసి వస్తుంది. స్త్రీల కొలతలకు వేరుగా కత్తిరించిన తొడుగులు దొరుకుతాయి. పురుషుల చిన్న సైజుతో సరిపెట్టుకొనవద్దు. నడుము వెనుక చెరువు తప్పదు.

స్వదేశానికి వెళ్లినప్పుడు విశాఖపట్నం రుషికొండ దగ్గర డైవు చేయాలని ఉబలాటపడేవారికి ఒక మాట. బంగాళాఖాతం ఎప్పుడూ వేడినీళ్ల తొట్టి అన్న నమ్మకం సరికాదు. 1950వ దశకంలో శాన్ డియాగోలోని నౌకాదళ ప్రయోగశాల నుండి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త వాల్తేరుకు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వారితో కలిసి ఆ తీరజలాలను పరిశోధించాడు. వేసవికి ముందు నైరుతి గాలులు తీరం వెంట వీచినప్పుడు పైనీరు లోపలి సముద్రం వైపు తొలగి, దాని స్థానంలోకి అడుగునుండి చల్లని నీరు పైకి వస్తుందని ఆ పరిశోధనలు వెల్లడించాయి. కాలిఫోర్నియా తీరాన్ని చల్లగా ఉంచే ప్రక్రియకు ఇది చిన్న తోబుట్టువు. మార్చి నెలలో ఒడ్డున చెమటలు కారుతున్నా అడుగున వణుకు పుట్టవచ్చు. ఆ ప్రయాణానికి లైక్రాతో పాటు 3 మిల్లీమీటర్ల తొడుగు కూడా పెట్టెలో పెట్టుకొనడం మంచిది. తిరిగివచ్చేటప్పుడు మంచినీటిలో కడిగి, నీడలో ఆరవేసి, మడవకుండా చుట్టి పెట్టాలి. మడత పడ్డచోట బుడగలు నలిగిపోతాయి. ఆవకాయ జాడీలకు ఆనుకొని అది పెట్టెలో చక్కగా ఇముడుతుంది గాని, జాడీని ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టడం మరవరాదు. నియోప్రీన్‌కు పట్టిన ఆవకాయ నూనె వాసన ఎన్ని సముద్రాలలో ముంచినా పోదు.